అనలాగ్ డిలే పెడల్‌లో రిపీట్స్ పాడయ్యాయా? చిప్ ఊడదీసే ముందు వోల్టేజీ, బయస్ చూడండి

గిటార్ అసలు శబ్దం శుభ్రంగానే వస్తుంది. రిపీట్స్, అంటే పెడల్ ఆలస్యంగా మళ్లీ వినిపించే ప్రతిధ్వనులు మాత్రం గరగరమంటాయి, మధ్యలో తెగిపోతాయి, లేదా అసలు వినిపించవు. అనలాగ్ డిలే పెడల్స్ రిపేరుకు వచ్చేది ఎక్కువగా ఈ సమస్యతోనే. వెంటనే అందరి అనుమానం శబ్దాన్ని ఆలస్యం చేసే బీబీడీ (బకెట్ బ్రిగేడ్ డివైస్) చిప్ మీదికి పోతుంది. దయచేసి ఆగండి. ఆ చిప్ దానంతటదే చచ్చిపోవడం అరుదు. దానికి అందే వోల్టేజీ తగ్గి ఉంటుంది, లేదా దాని బయస్ (సిగ్నల్ ఊగే మధ్య వోల్టేజీ) పక్కకు జరిగి ఉంటుంది. మల్టీమీటర్‌తో రెండు నిమిషాల్లో తేలే విషయం కోసం మంచి చిప్‌ని ఊడదీసి, బోర్డు మీది రాగి ట్రాక్‌లు లేపేసుకున్న పెడల్స్ చాలానే ఉన్నాయి.

ఇది నిజమైన బీబీడీ పెడల్స్ గురించి, అంటే ఎంఎన్ 3005, ఎంఎన్ 3205, వీ 3205 వంటి చిప్స్‌తో చేసినవాటి గురించి. అనలాగ్‌లా ఉంటుందని చెప్పి అమ్మే చాలా పెడల్స్‌లో ఉండేది పీటీ 2399. అది డిజిటల్ చిప్. దానికి బయస్ ట్రిమ్‌పాట్ (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే చిన్న నాబ్) ఉండదు కాబట్టి, కింద బయస్ గురించి రాసినది దానికి వర్తించదు.

అందరూ దాటేసే పరీక్ష: కరెంటు

పెడల్‌ని పెడల్‌బోర్డు నుంచి బయటికి తీయండి. గిటార్, ఈ ఒక్క పెడల్, ఆంప్. అంతే. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ పెట్టండి. బ్యాటరీ పెట్టే చోటు లేకపోతే, దీనికి ఒక్కదానికే విడిగా రెగ్యులేటెడ్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే) అడాప్టర్ ఇవ్వండి. ప్లగ్ కొలత సరిపోయినంత మాత్రాన సరిపోదు, పెడల్ మీద రాసి ఉన్న వోల్టేజీ, పోలారిటీ కూడా చూసుకోండి. 24 వోల్టులు అడిగే పాత తరహా పెడల్ అడాప్టర్ 9 వోల్టుల పెడల్‌కి తగిలితే కథ ముగిసినట్టే.

వోల్టేజీని పెడల్ నడుస్తుండగానే కొలవాలి. ఊరికే పెట్టిన బ్యాటరీ మీటర్ మీద మంచి అంకె చూపించి, లోడ్ పడగానే కూలిపోతుంది. వెనక మూత తీసి, ఇన్‌పుట్‌లో కేబుల్ పెట్టి, ఎఫెక్ట్ ఆన్ చేసి, బ్యాటరీ స్నాప్ దగ్గర కొలవండి. కొత్తదైతే 9 వోల్టుల పైనే ఉంటుంది. 8 దగ్గరికి దిగిందంటే ఆ బ్యాటరీతో ఏ నిర్ణయానికీ రాకండి.

పాత బాస్ డీఎం-2 (1981 నుంచి 1984 వరకు తయారైనది) విషయంలో ఇంకో మెలిక ఉంది. అడాప్టర్ సాకెట్ దగ్గర, లేదా అడుగు లేబుల్ మీద ఏసీఏ అని ఉందేమో చూడండి. ఆ కాలపు ఏసీఏ అడాప్టర్ రెగ్యులేటెడ్ కాదు. పేరుకు 9 వోల్టులే గానీ బయటికి అంతకన్నా బాగా ఎక్కువే ఇచ్చేది. ఆ ఎక్కువను తగ్గించడానికి పెడల్ లోపల ఒక రెసిస్టరు, డయోడు పెట్టారు. అలాంటి దానికి నేటి రెగ్యులేటెడ్ 9 వోల్టులు ఇస్తే లోపలికి చేరేది తక్కువ. ఎల్‌ఈడీ మసకబారుతుంది, రిపీట్స్ నీరసపడతాయి. బ్యాటరీతో బాగుండి అడాప్టర్‌తో పాడైతే అనుమానించాల్సింది ఇదే. విచిత్రం ఏమిటంటే, ఇదే పెడల్ ఇతర పెడల్స్‌తో కలిపి ఒకే డైసీ చెయిన్ (ఒక అడాప్టర్ నుంచి చాలా పెడల్స్‌కి వెళ్లే వైరు) మీద ఉంటే చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆడియో కేబుల్ గ్రౌండ్ ఆ రెసిస్టర్‌ని దాటేస్తుంది. ఖరీదైన ఐసోలేటెడ్ (ప్రతి అవుట్‌పుట్ విడివిడిగా ఉండే) సప్లైకి మార్చిన రోజే పాడైనట్టు కనిపిస్తుంది. పరిష్కారం: ఆ సప్లైలో ఏసీఏ లేదా 12 వోల్టుల అవుట్‌పుట్ ఉంటే అది వాడండి. ఏసీఏ అని రాసి ఉన్న పెడల్‌కి మాత్రమే.

అసలు సౌండ్ ఉంది, రిపీట్ ఒక్కటీ లేదు

ముందు జాక్ చూడండి. డీఎం-2లో, డీఎం-2 డబ్ల్యూలో రెండో అవుట్‌పుట్ ఉంటుంది, దాని పేరు డైరెక్ట్ అవుట్. ఆంప్ కేబుల్ అందులో పెడితే వచ్చేది అసలు సౌండ్ మాత్రమే. కేబుల్ తప్పు రంధ్రంలో పెట్టి పెడల్ పాడైందనుకున్న సందర్భాలు కోకొల్లలు.

జాక్ సరైనదే, వోల్టేజీ సరిపోయింది, అయినా రిపీట్ లేదంటే క్లాక్, అంటే బీబీడీలో సిగ్నల్‌ని అంచెలంచెలుగా ముందుకు జరిపే పల్స్, నడుస్తోందో లేదో చూడాలి. దీనికి ఆసిలోస్కోప్ అక్కర్లేదు. ఎనిమిది కాళ్ల బీబీడీ చిప్‌లో 2, 6 పిన్‌లు క్లాక్ పిన్‌లు. మీటర్‌ని డీసీలో పెట్టి ఒక్కొక్క పిన్ కొలవండి. రెండూ చిప్‌కి అందే వోల్టేజీలో దాదాపు సగం చూపిస్తే క్లాక్ తిరుగుతోంది. ఒకటి పూర్తి వోల్టేజీ, ఇంకొకటి సున్నా చూపిస్తే ఆగిపోయింది. అప్పుడు చూడాల్సింది క్లాక్ డ్రైవర్‌ని (3000 సిరీస్‌కి ఎంఎన్ 3101, 3200 సిరీస్‌కి ఎంఎన్ 3102), దానికి కలిసిన టైమ్ నాబ్ వైర్లని. బీబీడీని కాదు.

క్లాక్ తిరుగుతూ రిపీట్ రాకపోతే బయస్ దగ్గరికి రండి.

రిపీట్స్ గరగరమంటున్నాయి: బయస్

ముందు ఒక చిన్న పరీక్ష. గిటార్ వాల్యూమ్ మూడుకి తగ్గించి మెల్లగా మీటండి. రిపీట్ శుభ్రంగా వచ్చిందంటే పెడల్‌లో తప్పు లేకపోవచ్చు. ముందున్న బూస్టర్‌ది, లేదా ఎక్కువ సిగ్నల్ ఇచ్చే పికప్స్‌ది తప్పు కావచ్చు. బీబీడీ పెద్ద సిగ్నల్‌ని మోయలేదు, దాని స్వభావమే అంత. బూస్టర్‌ని డిలే తర్వాతికి మార్చండి. తగ్గించి మీటినా గరగర పోకపోతే, లేదా స్వరం మొదట వినిపించి, సన్నబడుతూ ఉండగానే కత్తిరించినట్టు హఠాత్తుగా ఆగిపోతే, అది బయస్.

బీబీడీ అంటే కెపాసిటర్ల వరుస. నీళ్ల బకెట్లు చేతులు మారినట్టు చార్జ్ ఒకదాని నుంచి ఇంకొకదానికి జరుగుతుంది. బకెట్ నిండదు, ఖాళీ కాదు అన్న మధ్య వోల్టేజీ మీద సిగ్నల్ పైకీ కిందికీ ఊగాలి. ఆ మధ్య వోల్టేజీని ఇచ్చేదే బయస్ ట్రిమ్‌పాట్. అది పైకి జరిగితే అలలో పై సగం నరుక్కుపోతుంది, కిందికి జరిగితే కింది సగం. మరీ జరిగితే అసలేమీ దాటదు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తినే చోటు ఉంది. ట్రిమ్‌పాట్ దానంతటది జరగడం తక్కువ. ఎవరో తిప్పి ఉంటారు, అదీ తప్పుడు వోల్టేజీ మీద. బ్యాటరీ 7 వోల్టులకి దిగింది, రిపీట్స్ గరగరలాడాయి, మూత తీసి ట్రిమ్‌పాట్ కాస్త తిప్పితే బాగైంది. సమస్య తీరిందనుకుంటారు. కొత్త బ్యాటరీ పెట్టగానే మళ్లీ గరగర. మళ్లీ తిప్పుతారు, ఈసారి డైసీ చెయిన్ మీద. చివరికి చిప్ పోయిందని తేల్చేస్తారు.

ఇలా ఎందుకవుతుందంటే, రెగ్యులేటర్ లేని పెడల్‌లో బయస్ అనేది సప్లైని రెసిస్టర్లతో పంచితే వచ్చే భాగం. సప్లై తగ్గితే బయస్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కానీ చిప్ లోపలి ట్రాన్సిస్టర్ల థ్రెషోల్డ్ వోల్టేజీ (అవి పని మొదలుపెట్టే వోల్టేజీ) తగ్గదు, అది ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి 7 వోల్టుల మీద సరైన నిష్పత్తి 9 వోల్టుల మీద సరైనది కాదు. పైగా తక్కువ వోల్టేజీ మీద బయస్‌కి దొరికే సందు సన్నగా ఉంటుంది, అందులో చెవికి బాగున్న చోటు నిజమైన మధ్య కాకపోవచ్చు. వాడిన పెడల్ కొన్నప్పుడు ట్రిమ్‌పాట్ మీద స్క్రూడ్రైవర్ గీతలు, లేదా తయారీ లక్క చెదిరి ఉండటం కనిపిస్తే ముందు ఇదే అనుకోండి.

సరిచేసే పద్ధతి ఇది. సప్లై మంచిదని కొలిచి తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. ఫోటో తీసి, ట్రిమ్‌పాట్ ప్రస్తుత స్థానాన్ని సన్న మార్కర్‌తో గుర్తుపెట్టండి. దాని మధ్య కాలు దగ్గర వోల్టేజీ రాసుకోండి, వెనక్కి రావాల్సి వస్తే ఆ అంకే దారి చూపిస్తుంది. బోర్డు మీద నాలుగైదు ట్రిమ్‌పాట్లు ఉండొచ్చు: బయస్, క్లాక్ వేగం, ఫీడ్‌బ్యాక్ హద్దు (రిపీట్స్ ఎంతవరకు పెరగవచ్చో), క్లాక్ రద్దు (క్లాక్ శబ్దాన్ని తగ్గించేది). ఏది ఏదో సర్క్యూట్ చూసి తేల్చుకోకుండా ఒక్కటీ ముట్టుకోకండి. బయస్ ట్రిమ్‌పాట్ మధ్య కాలు రెసిస్టర్ ద్వారా బీబీడీ ఇన్‌పుట్ పిన్ వైపు వెళ్తుంది. దాన్ని పట్టుకోవడానికి అదే గుర్తు.

పెడల్ పది నిమిషాలు నడవనివ్వండి. రిపీట్ నాబ్ సున్నాకి, టైమ్ మధ్యకి, మిక్స్ పూర్తిగా. ఫోన్‌లోని టోన్ జనరేటర్‌తో 400 హెర్ట్జ్ సైన్ వేవ్ చిన్న స్థాయిలో పంపండి. ఫోన్ సౌకర్యం లేకపోతే ఒకే తీగ ఒకే బలంతో మీటుతూ ఉండండి. ట్రిమ్‌పాట్‌ని ఒక వైపు చాలా నెమ్మదిగా తిప్పితే ఒకచోట రిపీట్ చెడుతుంది. అది ఒక అంచు. రెండో వైపు తిప్పితే రెండో అంచు. మధ్యలో ఆపండి. ఇప్పుడు సిగ్నల్ పెంచండి, అంచులు దగ్గరవుతాయి. మళ్లీ మధ్య వెతకండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే అసలు మధ్య దొరుకుతుంది. ఎక్కువ బిగ్గరగా వినిపించే చోటు కాదు మనకు కావలసింది, గట్టిగా మీటినా ఆలస్యంగా విరిగే చోటు. స్కోప్ ఉంటే అల పై కొన, కింద కొన ఒకేసారి చదునయ్యే చోట ఆపండి. టైమ్ నాబ్ రెండు చివరల్లోనూ వినండి. ఏ చివరైనా చెడితే ఇంకొంచెం సర్దండి.

రెండు బీబీడీలు ఉన్న పెడల్‌లో, ఒక్కో చిప్‌కి ఒక్కో బయస్ ఉంటే మొదటి దానితో మొదలుపెట్టండి. మొదటిది చెడగొట్టి పంపిన సిగ్నల్‌ని రెండోది ఎంత సర్దినా బాగుచేయలేదు. అన్నీ అయ్యాక ఫీడ్‌బ్యాక్ హద్దు మళ్లీ చూసుకోండి. బయస్ మారితే రిపీట్ల బలమూ మారుతుంది, నాబ్ సగంలోనే పెడల్ అరవడం మొదలెట్టవచ్చు. నాబ్ ముప్పావు దాటాక మాత్రమే సెల్ఫ్ ఆసిలేషన్ (ఆ అరుపు) మొదలయ్యేలా పెడితే చాలామందికి సౌకర్యంగా ఉంటుంది.

సన్నని ఈల

టైమ్ నాబ్ తిప్పండి. ఈల శృతి నాబ్‌తో పాటు మారితే అది క్లాక్. మారకుండా ఒకేలా ఉంటే బయటి నుంచి వస్తున్నది: అడాప్టర్, లైట్లు, పికప్స్.

క్లాక్ ఈల పొడవైన డిలేలో కొంత సహజం. చిప్‌లోని స్టేజీల (బకెట్ల) సంఖ్యను క్లాక్ వేగానికి రెండింతలతో భాగిస్తే డిలే సమయం వస్తుంది. 4096 స్టేజీల చిప్ ఒక్కటే 300 మిల్లీసెకన్లు ఇవ్వాలంటే క్లాక్ 6.8 కిలోహెర్ట్జ్‌కి దిగాలి. అది చెవికి వినపడే శబ్దమే, ఫిల్టర్లు దాన్ని ఆపాలి. ఇంకో పెడల్‌తో సప్లై పంచుకున్నప్పుడు రెండు క్లాకులు కలిసి కొత్త ఈల పుట్టిస్తాయి, అది నాబ్‌తో పాటు పైకీ కిందికీ పాకుతుంది. బ్యాటరీ పెడితే పోయిందా? ఐసోలేటెడ్ అవుట్‌పుట్ ఇవ్వండి, పని అయిపోయింది. బ్యాటరీతో కూడా ఉంటే క్లాక్ రద్దు ట్రిమ్‌పాట్‌ని ఈల కనిష్ఠమయ్యే చోట పెట్టండి.

రెండు పెడల్స్, రెండు రకాల సౌండ్

ఒకటి మబ్బుగా, ఒకటి స్పష్టంగా ఉంది కాబట్టి ఒకటి చెడిపోయిందని అనుకోకండి. పైన చెప్పిన లెక్కే కారణం కావచ్చు. అదే 300 మిల్లీసెకన్లు రెండు 4096 చిప్స్‌తో తీస్తే క్లాక్ 13.7 కిలోహెర్ట్జ్, ఒక్క చిప్‌తో అందులో సగం. క్లాక్ వేగంలో సగానికి మించి ఏ ఫ్రీక్వెన్సీ దాటదు, ఫిల్టర్లు ఇంకా ముందే కోస్తాయి. డీఎం-2 గరిష్ఠం 300 మిల్లీసెకన్లు, ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీది 600. రెండింటి నాబ్‌లూ చివరకి తిప్పి పోల్చడంలో అర్థం లేదు. మెట్రోనోమ్ 120 మీద పెట్టి, ప్రతి బీట్‌కి సగంలో రిపీట్ పడేలా రెండింటినీ సర్దండి, అది 250 మిల్లీసెకన్లు. ఒకే సప్లై, ఒకే సంఖ్యలో రిపీట్స్, ఒకే మిక్స్. అప్పుడు వినండి. ఒకే మోడల్ రెండూ ఇంకా తేడాగా ఉంటే, ఒకదాని బయస్‌నో క్లాక్ ట్రిమ్‌పాట్‌నో ఎవరో తిప్పి ఉండొచ్చు. కార్బన్ కాపీలో రిపీట్స్ ఎక్కువగా ఊగుతున్నాయంటే మాడ్యులేషన్ వెడల్పు, వేగానికి లోపల ఉన్న రెండు ట్రిమ్‌పాట్లు చూడండి, అది లోపం కాదు.

మిగతావి

టైమ్ నాబ్ తిప్పితే చిటపట: కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు తిప్పండి. రిపీట్స్ వెనక శబ్దం ఊపిరి పీల్చినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటే కంపాండర్ (శబ్దం తగ్గించడానికి సిగ్నల్‌ని నొక్కి మళ్లీ విప్పే భాగం) చుట్టూ ఉన్న పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చండి. పోలారిటీ తిరగేసిన అడాప్టర్ పెట్టాక అసలేమీ రాకపోతే రక్షణ డయోడు షార్ట్ అయి ఉంటుంది.

ఇవన్నీ దాటాక కూడా క్లాక్ తిరుగుతూ, బయస్ ట్రిమ్‌పాట్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పినా రిపీట్ రాకపోతేనే చిప్. మార్చేటప్పుడు సాకెట్ వేయండి, స్టాటిక్ నుంచి కాపాడండి. ఎంఎన్ 3005 స్థానంలో ఎంఎన్ 3205 నేరుగా పెట్టకండి: స్టేజీలు రెండింటికీ 4096 అయినా మొదటిదానికి సప్లై దిశ వ్యతిరేకం, వోల్టేజీ పరిధి వేరు, క్లాక్ డ్రైవర్ వేరు. కొత్త చిప్ పెట్టాక బయస్‌ని మళ్లీ మొదటి నుంచి, కొలిచిన సప్లై మీద సర్దాలి. పాత చిప్ బయస్ కొత్తదానికి సరిపోదు.