పంటి డాక్టరు కుర్చీలో కూర్చునే ముందు ఏమేం చూసుకోవాలి?

పన్ను నొప్పి ఎప్పుడూ రాత్రి పదకొండు దాటాకే మొదలవుతుంది. తెల్లారగానే దవడ పట్టుకుని, ఏ క్లినిక్ తెరిచి ఉంటే అందులోకి వెళ్ళిపోతాం. ఆ టెన్షన్‌లో ఎవరూ దేన్నీ పట్టించుకోరు. అందుకే ఈ పని నొప్పి లేని రోజుల్లో పెట్టుకోండి. గార తీయించుకోవడానికనో, ఊరికే చూపించుకోవడానికనో ఒకసారి వెళ్తే అరగంటలో క్లినిక్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

ముందు గోడ చూడండి

డాక్టరు పేరు, పక్కన బీడీఎస్ లేదా ఎండీఎస్, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ చదువు, ఎండీఎస్ ఆ పైన మూడేళ్ళు. రూట్ కెనాల్‌కు ఎండీఎస్ డాక్టరే కావాలని రూలేమీ లేదు, అనుభవమున్న బీడీఎస్‌లు చక్కగా చేస్తారు. కాకపోతే చాలా చోట్ల బోర్డు మీద పేరొకరిది, వారానికి రెండు రోజులు వచ్చి పని చేసే కన్సల్టెంట్ ఇంకొకరు. మీ నోట్లో చెయ్యి పెట్టేదెవరో ముందే అడగండి.

క్లినిక్‌కు కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ఇస్తారు. ఎక్స్‌రే మిషన్ ఉంటే దానికి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, రిజిస్ట్రేషన్ అవసరం.

అసలు విషయం: పనిముట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?

సర్టిఫికెట్ల కంటే దీని మీద ఎక్కువ కన్నేయండి. మీకంటే ముందు కూర్చున్న మనిషి నోట్లో తిరిగిన అద్దం, కొక్కెం, డ్రిల్ మీ నోట్లోకి వచ్చేలోపు ఏమైంది? మీకు తెలియాల్సింది ఇదే.

మా అమ్మకు పిప్పి పన్ను తీయించడానికి ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను. ఏసీ, అద్దాల తలుపులు, అన్నీ తళతళ. అసిస్టెంట్ అమ్మాయి నీలం లైటు వెలుగుతున్న ఒక గాజు పెట్టె తెరిచి, విడిగా పడున్న పనిముట్లను చేత్తో తీసి ట్రేలో పెట్టింది. "క్రిముల్ని చంపే మిషన్, అదే ఆటోక్లేవ్, ఉందామ్మా?" అని అడిగితే, "ఉంది సార్, ఇదే" అని ఆ పెట్టే చూపించింది. అమ్మ నా చొక్కా పట్టి లాగింది. ఇద్దరం వచ్చేశాం.

ఆ నీలం లైటు పెట్టె యూవీ చాంబర్. ముందే స్టెరిలైజ్ చేసిన వస్తువులు దాచుకోవడానికి పనికొస్తుందంతే. వెలుతురు పడని సందుల్లో, కీళ్ళలో క్రిములు అలాగే ఉంటాయి. వేడినీళ్ళలో మరగబెట్టినా చాలదు, 100 డిగ్రీలకు చావని మొండి క్రిములున్నాయి. ఆటోక్లేవ్ మన ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న: ఒత్తిడితో ఆవిరిని 121 డిగ్రీలకు ఎక్కించి, మూటను బట్టి 15 నుంచి 30 నిమిషాలు ఉంచుతుంది. 134 డిగ్రీలైతే కొద్ది నిమిషాల్లోనే పని అవుతుంది.

పనిముట్లు సీలు వేసిన పౌచ్‌లో రావాలి, దాన్ని మీ ముందే చింపాలి. పౌచ్ మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, ఆవిరి తగిలితే రంగు మారుతుంది. ఏ రంగు నుంచి ఏ రంగుకో పౌచ్ మీదే రాసి ఉంటుంది. రంగు మారిందంటే ఆటోక్లేవ్‌లోకి వెళ్ళొచ్చిందని మాత్రమే అర్థం. మిషన్ నిజంగా క్రిముల్ని చంపుతోందా లేదా అన్నది, మొండి క్రిముల్ని లోపల పెట్టి చచ్చాయో లేదో చూసే స్పోర్ టెస్ట్ చెబుతుంది. "స్పోర్ టెస్ట్ ఎన్నాళ్ళకోసారి చేస్తారు?" అని అడిగి చూడండి. వారానికోసారి అని తడుముకోకుండా చెబితే మంచి క్లినిక్కే దొరికినట్టు.

జుయ్‌మని తిరిగే డ్రిల్, అంటే హ్యాండ్‌పీస్, సంగతి మరవకండి. అది ఆగేటప్పుడు లాలాజలాన్ని లోపలికి పీల్చుకోగలదు, కాబట్టి పైపైన స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు. ప్రతి పేషెంటుకూ ఆటోక్లేవ్ చేసినదే కావాలి. రెండే హ్యాండ్‌పీసులతో పూటకు ఇరవై మందిని చూస్తున్నారంటే లెక్క మీరే వేసుకోండి.

అడగడానికి మొహమాటమైతే ఇలా అనండి: "డాక్టర్ గారూ, అమ్మకు షుగర్ ఉంది, ఇన్‌ఫెక్షన్ అంటే మాకు భయం. కాస్త పౌచ్ మా ముందే విప్పిస్తారా?" మంచి డాక్టరెవరూ దీనికి ముఖం మాడ్చుకోరు.

నీళ్ళు, సెలైన్

2023లో తమిళనాడులోని వాణియంబాడిలో, అంటే మన కుప్పం వైపు సరిహద్దుకు కాస్త అవతలే, ఒక పంటి క్లినిక్‌కు వెళ్ళినవాళ్ళలో పది మందికి మెదడుకు పాకే మెలియాయిడోసిస్ అనే బాక్టీరియా జబ్బు సోకి, ఎనిమిది మంది చనిపోయారు. పరిశోధకులు వెనక్కి వెళ్ళి చూస్తే తేలిందేమిటంటే, సెలైన్ సీసాను స్టెరైల్ కాని పనిముట్టుతో తెరిచి, మూత వదులుగా పెట్టి, మళ్ళీ మళ్ళీ వాడారు. ఇంతా చేసి అదొక చిన్న సీసా. పన్ను పీకేటప్పుడు, చిగురు కోసేటప్పుడు కడగడానికి కొత్త సీసా తెరుస్తున్నారో, సగం వాడినది తీస్తున్నారో చూడండి.

చేతులు, సూదులు, చెత్తబుట్టలు

గ్లౌజులు మీ ముందే కొత్తవి తొడుక్కోవాలి. ఆ చేత్తోనే ఫోను తీస్తే, మార్చుకోమని చెప్పండి. మత్తు ఇంజెక్షన్‌కు సిరంజి, సూది రెండూ కొత్తవే. చెత్తకు 2016 నిబంధనల ప్రకారం రంగులున్నాయి: రక్తం అంటిన దూదికి పసుపు, గ్లౌజులకు ఎరుపు, సూదులకు గుచ్చుకోని తెల్లడబ్బా, గాజుకు నీలం. అన్నీ ఒకే బుట్టలో కనిపిస్తే మిగతా పనులూ అలాగే ఉంటాయని నా అనుమానం.

వాళ్ళు మిమ్మల్ని ఏమడిగారు?

బీపీ, షుగర్, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు, మందుల ఎలర్జీ, ఆడవాళ్ళయితే గర్భం, పెద్దవాళ్ళయితే ఎముకల బలానికి వేయించుకున్న ఇంజెక్షన్లు. ఇవేవీ అడగకుండా మత్తు సూది పట్టుకొస్తే ఆపి మీరే చెప్పండి. ఆస్పిరిన్ లాంటివి సొంతంగా మానేసి మాత్రం వెళ్ళొద్దు, అది డాక్టర్లు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం.

చివరగా కాగితాలు

ఎక్స్‌రే తీయకుండా రూట్ కెనాల్ మొదలుపెడితే ఒప్పుకోవద్దు. ఖర్చు ముందే కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంట్ పెట్టించుకుంటే బ్యాచ్ నంబరున్న స్టిక్కరు, క్యాపుకు వారంటీ కార్డు ఉంటే అదీ, బిల్లుతో పాటు దాచండి. తేడా వస్తే వైద్యం తప్పుల మీద రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు, శుభ్రత విషయమైతే జిల్లా వైద్యాధికారికి రాయొచ్చు. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ రెండేళ్ళలోపు కేసు వేయాలి.