నల్లా కారుతోందా? వాసర్ మార్చండి, బాత్రూం కాదు

కారే నల్లా కింద బకెట్ పెట్టుకుని నెలలకు నెలలు నెట్టుకొచ్చే ఇళ్లు హన్మకొండలో నాకు చాలా తెలుసు. ఎందుకని అడిగితే "చేయిస్తే ఒక్కసారే మొత్తం మంచిగ చేయిద్దామని ఆగినం" అంటారు. మొత్తం అంటే టైల్స్ కొట్టించి, పైపులు మార్పించి, ఫిట్టింగులన్నీ కొత్తవి వేయించడం. ఆ ముహూర్తం రాదు, చుక్క ఆగదు. సెకనుకో చుక్క లెక్కన రోజుకు 86,400 చుక్కలు. ధర్మసాగర్ చెరువు నుంచి తోడి, శుద్ధి చేసి పంపే నీళ్లు మోరీ పాలు. గోటితో పోయేదానికి గొడ్డలి దొరికేదాకా ఆగుదామంటే ఇట్లనే ఉంటది.

నేను చెప్పేది రెండు మూడు చుట్లు తిప్పితే మూసుకునే పాత ఇత్తడి నల్లాల గురించి. పావు చుట్టుకే మూసుకునే కొత్త రకాలకు వాసర్, అంటే నీళ్లను ఆపే రబ్బరు బిళ్ల కాదు, పిడితోపాటు తిరిగే లోపలి కడ్డీ, అంటే స్పిండిలే మార్చాలి. ఇంకో మాట. నీళ్లు మూతి నుంచి కారుతుంటేనే వాసర్ పోయినట్టు. పిడి కింద మెడ దగ్గర ఊరుతుంటే అక్కడి చిన్న నట్టు కాస్త బిగించి చూడండి, చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది.

రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, పాత బట్ట, అరంగుళం వాసర్ ఉంటే చాలు. టూల్ కిట్ కొనకండి. మా సడ్డకుడు పెద్ద డబ్బా కొన్నాడు. అది ఇప్పటికీ కవర్ విప్పకుండా అలమారలో ఉంది, వాళ్ల నల్లా ఇప్పటికీ కారుతోంది.

ట్యాంకు నుంచి వచ్చే వాల్వ్ కట్టేయండి. నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. మళ్లీ మూయొద్దు, తెరిచే ఉంచండి. పిడి మీది స్క్రూ తీసి పిడి లాగేయండి. ఇంతవరకు పిల్లలు కూడా చేస్తారు.

ఇప్పుడు ఆగండి. పిడి కింద పెద్ద నట్టు కనిపిస్తుంది. తొందరపడి ఒక్క పానా వేసి గట్టిగా లాగారా, తిరిగేది నట్టు కాదు, నల్లా మొత్తం. దాంతోపాటు గోడలోని పైపు. పాత ఇనుప పైపైతే తుప్పు పట్టిన మర దగ్గర పుటుక్కున విరుగుతుంది. ఈ ముచ్చట నాకు ఎవరో చెప్పింది కాదు. మేడారం జాతరకు పోతూ చుట్టాలు మా ఇంట్లో దిగిన పొద్దున్నే నేను చేసిన ఘనకార్యం. స్నానాలకు పన్నెండు మంది వరుసలో ఉన్నారు, నేను పక్కింటి బోరు నుంచి బిందెలు మోస్తున్నాను. ఆ తర్వాత గోడ పగలగొట్టించాల్సి వచ్చింది.

అందుకే రెండో పానా. ఎడమ చేతి పానాతో నల్లా ఒంటిని కదలకుండా పట్టుకోండి, గీతలు పడకుండా మధ్యలో బట్ట పెట్టండి. కుడి చేతి పానాతో నట్టును గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పండి. లాగే బలమంతా ఆ రెండు చేతుల మధ్యే తేలిపోవాలి, గోడకు ఏమీ తెలియకూడదు. నట్టు కదలకపోతే బలం పెంచొద్దు. మా వైపు బోరు నీళ్లకైతే మరల్లో సున్నం పేరుకుపోతుంది. నిమ్మరసంలో తడిపిన బట్ట చుట్టి అరగంట వదిలేయండి. టీ తాగి రండి. అప్పటికీ రాకపోతే ప్లంబర్‌ను పిలవండి, అందులో సిగ్గేమీ లేదు.

నట్టు వచ్చిందంటే పని అయిపోయినట్టే. దాంతోపాటు బయటికొచ్చే స్పిండిల్ చివర్లో నల్లటి వాసర్ ఉంటుంది, దాని మీద గుండ్రంగా గాడి పడి ఉంటుంది. నీళ్లు కారేది ఆ గాడి వల్లే. పాతదాన్ని దుకాణానికి పట్టుకెళ్లి సరిపోయేది తెచ్చుకోండి. ఆదివారం దుకాణం మూసి ఉంటే హవాయి చెప్పు రబ్బరు గుండ్రంగా కోసి వేసినా కొన్నాళ్లు ఆగుతుంది. నేను వేశాను.

లోపల వాసర్ కూర్చునే అంచును వేలికి బట్ట చుట్టి తుడవండి. అక్కడితో వదిలేయండి. దాన్ని అద్దంలా చేద్దామని గరుకు కాగితం పెట్టి రుద్దేవాళ్లుంటారు. వాళ్ల చేతిలో బాగున్న అంచు కూడా ఎగుడుదిగుడవుతుంది, ఇక ఏ వాసర్ వేసినా ఆగదు.

తిరిగి బిగించేటప్పుడు కూడా స్పిండిల్ తెరిచిన స్థితిలోనే ఉండాలి, లేకపోతే కొత్త వాసర్ నలిగిపోతుంది. ఇప్పుడూ రెండు పానాలే. పట్టు తగిలాక కాస్త బిగించి ఆపేయండి. పిడి పెట్టి, వాల్వ్ మెల్లగా తిప్పండి.

నల్లా మూశాక మూతిలో మిగిలిన నీళ్లు రెండు మూడు చుక్కలు పడతాయి. వాటిని చూసి మళ్లీ విప్పకండి. కింద పొడి గ్లాసు పెట్టి పావుగంట తర్వాత చూడండి. అడుగు పొడిగా ఉంటే పానాలు తుడిచి లోపల పెట్టేయండి. టైల్స్ సంగతి దసరాకు చూసుకోవచ్చు.