హెక్సా లెక్కలు, 4వ పాఠం: చివర 5 ఉన్నంత మాత్రాన 5వ ఎక్కంలో పోదు

హెక్సా అంటే పదికి బదులు 16 ఆధారంగా సంఖ్యలు రాసే పద్ధతి: స్థానం స్థానానికి విలువ 16 రెట్లు పెరుగుతుంది, 10 నుంచి 15 దాకా అంకెలకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అని రాస్తాం. పోయినసారి ఇచ్చిన లెక్క చాలామంది తప్పు చేశారు. 1ఏ5 అనే సంఖ్య 5వ ఎక్కంలో పోతుందా అని అడిగితే "చివర 5 ఉంది కదా సార్, పోకేం" అని రాశారు. పోదు. 1×256, 10×16, 5, అంటే 256, 160, 5 కలిపితే 421. అందుకే ఈ వారం చెబుదామనుకున్న మైనస్ సంఖ్యలు ఆపి, దీని సంగతే చూద్దాం.

మామూలు లెక్కల్లో చివరి అంకె చూసి 5 సంగతి చెప్పేస్తాం, ఎందుకంటే 10 ఎటూ 5వ ఎక్కంలో ఉంది, కాబట్టి ముందున్న అంకెల విలువంతా పోతుంది, తేలాల్సింది చివరి అంకె ఒక్కటే. 16 ఆ ఎక్కంలో లేదు. హెక్సాలో చివరి అంకె 2, 4, 8, 16 గురించి మాత్రమే చెబుతుంది. చివర సీ ఉంటే 4తో పోతుంది, 8తో పోదు. చివర 0 ఉంటే 10తో పోతుందని కూడా అనుకోకండి, హెక్సాలో 10 అంటేనే 16. ఇంకా నమ్మకం కుదరకపోతే చూడండి: హెక్సా 15 అంటే 21, 25 అంటే 37, 35 అంటే 53, 45 అంటే 69. ఒక్కటీ పోలేదు. 55 అంటే 85, అది పోయింది, కానీ చివరి 5 వల్ల కాదు. ఆ ఒక్కటి చూపించి రూలు కరెక్టేనని వాదించకండి, నాకు చిరాకు.

అసలు దారి అంకెల మొత్తం. 16ని 15తో భాగిస్తే శేషం 1, 256కీ (16×16), 4096కీ (16×16×16) అంతే. కాబట్టి అంకెలు కూడి 15తో, దాంతోపాటు 3తో, 5తో చూడొచ్చు. 55లో 5+5=10, అందుకే పోయింది. 2025ని హెక్సాలో 7ఈ9 అంటాం: 7+14+9=30, చివర 9 ఉన్నా 5తో, 15తో కూడా పోతుంది. వేయి స్తంభాల గుడి కట్టిన 1163 అంటే 48బీ: మొత్తం 23, పోదు. 9కి మాత్రం ఈ కూడిక ఇక్కడ పనికిరాదు.

మన వరంగల్ పిన్‌కోడ్ 506002, హెక్సాలో 7బీ892. నేనైతే మొత్తం కూడను, 7, 8 కలిస్తే 15 కాబట్టి రెండూ కొట్టేస్తాను, మిగిలింది 11+9+2=22, శేషం 7. అయిపోయింది.

17కి కుడి నుంచి ఒక అంకె కూడుతూ, తర్వాతి అంకె తీసేస్తూ పోండి, కారణం మీకే తడుతుంది.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. 4096లో ఒకటి తీస్తే 4095, అది 5×7×9×13. అంటే కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి కూడితే 7, 9, 13 మూడూ ఒకే దెబ్బలో తేలతాయి. 7బీ, 892 కూడితే 90డీ, అంటే 2317. అది 7×331. మన పిన్‌కోడ్ 7వ ఎక్కంలో పోతుందన్నమాట! 9తో, 13తో పోదు.

ఇక అభ్యాసం. 7బీ4ఏఏ 17తో పోతుందో లేదో మామూలు సంఖ్యలోకి మార్చకుండా చెప్పండి. రెండోది కష్టం: 11 కోసం ఎన్నేసి అంకెలు విడగొట్టి కూడాలి, ఎందుకు? జవాబు ఒక్కటే రాసి పంపితే చూడను, 16 ఘాతాలకు 11తో వచ్చే శేషాలు వరుసగా రాయాలి.