ఆర్క్-ఐటీ సైట్ బుర్రకెక్కాలంటే ఎలా చూడాలి (పర్లాకిమిడి బస్సు పెట్టుకుని)

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బీటెక్ పిల్లలకి ట్రాఫిక్ మీద ప్రాజెక్ట్ పడితే ఎవరో ఒకరు ఆర్క్-ఐటీ (రవాణాలో ఎవరు ఎవరికి ఏ సమాచారం పంపాలో బొమ్మలతో చూపించే వెబ్‌సైట్) చూడమంటారు, వీళ్ళు ఓపెన్ చేస్తారు, డబ్బాలు, బాణాలు, నాలుగు రకాల వ్యూలు కనబడతాయి, రెండు నిమిషాల్లో ట్యాబ్ మూసేస్తారు. మొదటి పేజీ నుంచి వరసగా చదవడం మొదలెడితే ఎవరికైనా అంతే. మీకు బాగా తెలిసిన ఒక్క బస్సునో ఒక్క సిగ్నల్‌నో పట్టుకుని లోపలికెళ్ళండి.

ఇదేంటో ముందు చెప్పేస్తా. అమెరికా రవాణా శాఖ వాళ్ళు 1990ల్లో నేషనల్ ఐటీఎస్ ఆర్కిటెక్చర్ (ఐటీఎస్ అంటే ఇంటెలిజెంట్ ట్రాన్స్‌పోర్టేషన్ సిస్టమ్స్, కంప్యూటర్ల సాయంతో నడిపే రవాణా) అని ఒకటి తయారుచేశారు, తర్వాత ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బళ్ళ కోసం సీవీఆర్ఐఏ అని ఇంకోటి చేశారు, 2017లో రెండూ కలిపేసి ఆర్క్-ఐటీ అన్నారు. లాగిన్ లేదు, ఫీజు లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. ఏ కంపెనీ కెమెరా కొనాలో ఇది చెప్పదు, ఎవరు ఎవరికి ఏ సమాచారం పంపాలో మాత్రమే చెప్తుంది. ఆ తేడా తెలియక చాలామంది ఇందులో సర్క్యూట్ బొమ్మలు వెతుకుతుంటారు.

గూగుల్లో ఆర్క్-ఐటీ అని కొట్టి సైట్‌లోకెళ్ళి ఆర్కిటెక్చర్ మెనూలో సర్వీస్ ప్యాకేజెస్ నొక్కండి, ఒక్కో రవాణా పనికి ఒక్కో ప్యాకేజీ అన్నమాట. పెద్ద లిస్టు వస్తుంది, భయపడకండి. పీటీ అంటే బస్సులు రైళ్ళు, టీఎం అంటే ట్రాఫిక్, సీవీఓ అంటే లారీలు. మనం పీటీ01 తీసుకుందాం, బస్సు ఎక్కడుందో కనిపెట్టడం. ఒడిశా బోర్డర్‌కి ఈవల మన ఆంధ్రా పాతపట్నం బస్టాండ్ కాంప్లెక్స్‌లో నిలబడి పర్లాకిమిడి బస్సు ఎప్పుడండీ అంటే వస్తాది వస్తాది అంటారు కదా, ఆ సమస్యే ఇది.

లోపల చాలా ట్యాబ్‌లుంటాయి, ముందు ఫిజికల్ ఒక్కటే తెరవండి. మిగతావి ఇప్పుడొద్దు. బొమ్మలో బస్సులో ఉండే పరికరం ఒక డబ్బా, ట్రాన్సిట్ మేనేజ్‌మెంట్ సెంటర్ ఇంకో డబ్బా, మధ్యలో బాణం మీద ట్రాన్సిట్ వెహికల్ లొకేషన్ డేటా అని రాసుంటుంది. పంపేవాడు, పంపేది, అందుకునేవాడు, ఈ మూడూ కలిపి ట్రిపుల్ అంటారు, సైట్ మొత్తం ఈ ట్రిపుల్స్ మీదే నడుస్తుంది, ఇదొక్కటి పట్టుబడితే సగం పనైపోయినట్టే. డబ్బా లోపల చిన్న డబ్బాలు కూడా ఉంటాయి, అవి ఫంక్షనల్ ఆబ్జెక్ట్స్, అంటే ఆ పరికరం చేసే పనులు. కింద వాటి వివరాలకి లింకులుంటాయి, నొక్కుకుంటూ పోవచ్చు.

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసి ప్రతి డబ్బా పక్కన మన దగ్గర అది ఎవరిదో రాయండి. బస్సులో పరికరం దగ్గర ఏఐఎస్-140 అని రాయొచ్చు, 2019 జనవరి 1 నుంచి మన దేశంలో బస్సులు, టాక్సీల్లాంటి కొత్త ప్రయాణికుల బళ్ళకి తప్పనిసరి చేసిన ట్రాకర్ స్టాండర్డ్ అది. దాంట్లోనే ఎమర్జెన్సీ బటన్ కూడా ఉంటుంది గానీ ఆర్క్-ఐటీలో బటన్ కథ పీటీ01లో కాదు, పీటీ05 ట్రాన్సిట్ సెక్యూరిటీలో చూడాలి. మన దగ్గర ఒకే పరికరం, వాళ్ళ దగ్గర రెండు ప్యాకేజీలు.

సెంటర్ అన్న డబ్బా దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది చూడండి. ఆంధ్రా బస్సు ఏపీఎస్ఆర్టీసీది, ఒడిశా బస్సు ఓఎస్ఆర్టీసీది, స్టాండ్‌లో జనం మాత్రం ఏది ముందొస్తే అదెక్కుతారు. అంటే ఆ ఒక్క డబ్బాని రెండుగా చీల్చి మధ్యలో బాణం గీయాలి. దీనికి అదర్ ట్రాన్సిట్ మేనేజ్‌మెంట్ సెంటర్స్ అని సైట్‌లోనే ఒక ఆబ్జెక్ట్ ఉంది, వెతకండి. ఆ బాణానికి వైరు కంటే ముందు రెండు సంస్థల మధ్య ఒప్పందం కావాలి, అప్పుడు ఎంటర్‌ప్రైజ్ ట్యాబ్‌కి రండి, ఎవరి బాధ్యత ఏంటో అక్కడుంటుంది. నన్నడిగితే బోర్డర్ వాళ్ళ ప్రాజెక్ట్‌కి మార్కులొచ్చేది ఇక్కడే, హైదరాబాద్ పిల్లలకి ఇంత మంచి చిక్కు దొరకదు. ప్రయాణికుడికి టైమ్ చూపించే బోర్డు కావాలంటే పీటీ08 కూడా తెరిచి ఇదే పద్ధతిలో చేయండి.

సెక్యూరిటీ ట్యాబ్‌లో గోప్యత, డేటా మారకుండా ఉండటం, ఎప్పుడూ అందుబాటులో ఉండటం, వీటికి లో, మోడరేట్, హై అని రేటింగ్‌లుంటాయి. అలాగే ఎత్తి రాసేయకుండా కారణం ఒక లైన్ మీ మాటల్లో రాయండి, వైవాలో అదే అడుగుతారు. స్టాండర్డ్స్ ఎక్కువగా అమెరికావి, మన స్టాండర్డ్ ఉన్నచోట మార్చుకోండి, బస్సు టైమింగ్‌లకి వాడే జీటీఎఫ్ఎస్ లాంటివైతే ఎక్కడైనా పనికొస్తాయి.

రాడ్-ఐటీ, సెట్-ఐటీ అని రెండు ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లు కూడా ఉన్నాయి, విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. రాడ్-ఐటీ ఒక ప్రాంతం మొత్తానికి, సెట్-ఐటీ ఒక్క ప్రాజెక్ట్‌కి. కాగితం మీద డబ్బాలు తేలకుండా వాటి జోలికెళ్ళొద్దు. ఫోన్‌లో బొమ్మలు మరీ చిన్నగా కనబడతాయి, డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ఏ3 మీద ప్రింట్ తీయించుకోండి.