పాత జీపుకి టైర్లు కొనేముందు

మా విల్లీస్ జీపుకి మొదట షోకు కోసం వెడల్పాటి టైర్లు వేయించాను. పవర్ స్టీరింగ్ లేని బండి కదా, రివర్స్ తీసేసరికి భుజాలు పట్టేశాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు వెళ్ళి స్ప్రింగు పట్టీలకి రాసుకునేది. చివరికి పాత కొలతకే వచ్చాను: 6.00-16 (వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు), ట్యూబు టైరు. సన్నగా ఉన్నా బురదని కోసుకుంటూ గట్టి నేల అందుకుంటుంది.

వేరే రిమ్ములు చూస్తుంటే 5 బోల్టులు, అవి ఉండే వృత్తం అడ్డకొలత 5.5 అంగుళాలు సరిపోవాలి. టైరు పక్కన తయారీ అంకెలు చదవండి. 1823 అంటే 2023లో 18వ వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా ముసలి రబ్బరు వద్దు.

అన్నట్టు, పాత విల్లీస్‌లకి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరతో ఉంటాయి, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడతాయి. అది తెలియక మెకానిక్ కుర్రాడు స్పానర్ ఎక్కి తొక్కాడు. నట్టు ఎక్కే బోల్టు (స్టడ్డు) పుటుక్కుమంది.