మన ఎంపీ, ఎమ్మెల్యే సభలో ఏ పక్షాన నిలిచారో వెతికి చూసుకోవడం ఎలా

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న ఆమోదించింది. ఆ రోజు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చూపే పట్టిక కోసం ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. పైగా ఆ సమయానికి సభ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. ఉద్యమానికి నాయకత్వం వహించిన కేసీఆర్ అప్పట్లో మహబూబ్‌నగర్ ఎంపీ. ఆయన ఓటు సైతం కాగితం మీద విడిగా కనిపించదు. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ బిల్లు మూజువాణితోనే నెగ్గింది. మన ప్రాంతం అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసిన ఓటు సంగతే ఇలా ఉన్నప్పుడు, ‘మా ఎంపీ ఫలానా బిల్లుకు ఓటేశాడు’ అని ఎవరైనా బల్లగుద్ది చెబితే ఆధారం ఏమిటని అడగవలసిందే. ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుందో, దొరకనప్పుడు దాని బదులు ఏవి చూడాలో నాకు అలవాటైన పద్ధతిలో చెబుతాను.

మొదట మీ ప్రతినిధి ఎవరో సరిచూసుకోండి. ఇది చిన్న విషయంలా తోస్తుంది కానీ, జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత జిల్లా సరిహద్దుకూ లోక్‌సభ నియోజకవర్గానికీ పొంతన లేకుండా పోయింది. మునుగోడు, నకిరేకల్ వాసులు నల్లగొండ జిల్లాలో ఉంటూ భువనగిరి ఎంపీని ఎన్నుకుంటారు. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నా మహబూబ్‌నగర్ లోక్‌సభ కిందికి వస్తుంది. వికారాబాద్ జిల్లాలోని కొడంగల్ పట్టణమూ అంతే. కల్వకుర్తి, అచ్చంపేట, కొల్లాపూర్, వనపర్తి, గద్వాల, అలంపూర్ ఓటర్లకు నాగర్‌కర్నూల్ ఎంపీయే ఎంపీ. 2024లో నల్లగొండ నుంచి కుందూరు రఘువీర్‌రెడ్డి, భువనగిరి నుంచి చామల కిరణ్‌కుమార్‌రెడ్డి, నాగర్‌కర్నూల్ నుంచి మల్లు రవి కాంగ్రెస్ తరఫున, మహబూబ్‌నగర్ నుంచి డి.కె. అరుణ బీజేపీ తరఫున గెలిచారు.

ఆ తర్వాత అంశాలను ఎంచుకోవాలి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ పూర్తికాదు, నాలుగైదు చాలు. మన నల్లగొండ, పాలమూరు వైపైతే కృష్ణా జలాల వాటా, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలు, ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం, నల్లమలలో యురేనియం, ఫ్లోరైడ్, బీసీ రిజర్వేషన్లు, వ్యవసాయ చట్టాలు అనే వరుస సహజంగానే వస్తుంది, అందులోంచి ఏరుకోండి. ప్రతి అంశం పక్కన అది ఏ సభలో తేలేదో రాసుకోండి. నదీజలాల వివాదం, రాజ్యాంగ సవరణ ఢిల్లీలో తేలేవి. కాలువల తవ్వకానికి ఎంత డబ్బు కేటాయించారన్నది హైదరాబాద్‌లో బడ్జెట్ పద్దుల మీద తేలేది. ఎమ్మెల్యేను అడగవలసింది ఎంపీని అడిగితే ఇద్దరూ తప్పించుకుంటారు.

ఓటు పట్టికను చదవడం

సభలో ఓటింగ్ రెండు రకాలు. సభ్యులు గొంతెత్తి అవును, కాదు అంటే సభాపతి ఏ వైపు ఎక్కువగా వినిపించిందో చెప్పేది మూజువాణి. ఆ నిర్ణయాన్ని ఎవరైనా సవాలు చేసి విభజన కోరితే, అంటే డివిజన్ అడిగితే, అప్పుడు మాత్రమే పేర్లు నమోదవుతాయి. రాజ్యాంగ సవరణ బిల్లులకు సభ మొత్తం సంఖ్యలో సగానికి మించి మద్దతు, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు లెక్కతేలాలి కాబట్టి అక్కడ డివిజన్ ఖాయంగా ఉంటుంది. సాధారణ బిల్లులకు ఆ భరోసా లేదు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద ప్రతిపక్షాలు డివిజన్ కావాలని పట్టుబట్టినా మూజువాణితోనే ఆమోదం పొందాయి. 2021 నవంబర్ 29న ఆ చట్టాల రద్దు కూడా మూజువాణితోనే, చర్చ కూడా లేకుండా జరిగిపోయింది. అందువల్ల వెతకడానికి కూర్చునే ముందే ఆ బిల్లు మీద డివిజన్ జరిగిందా లేదా అన్నది తేల్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

జరిగిందని తెలిస్తే పార్లమెంటు వెబ్‌సైట్ సంసద్ డాట్ ఇన్‌లో ఆ తేదీ చర్చల పూర్తి పాఠాన్ని తెరవండి. తేదీ దగ్గరే చాలామంది తడబడతారు. వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232 తేడాతో నెగ్గినప్పుడు గడియారం ప్రకారం అది 2025 ఏప్రిల్ 3వ తేదీ తెల్లవారుజాము. కానీ సమావేశం మొదలైంది ఏప్రిల్ 2న. కాబట్టి 2వ తేదీ కింద చూడాలి. పాఠంలో పేర్లు పత్రికల్లో రాసినట్టు ఉండవు, పేరులోని చివరి మాటను ముందుకు తెచ్చి అక్షరక్రమంలో పెడతారు. ఇంటిపేరు ముందుండే మన పేర్లకు ఇది పెద్ద చిక్కు. పేరును ఒకే మాటతో కాక రెండు మూడు ముక్కలుగా విడగొట్టి వెతకండి. హిందీలో సాగిన ప్రసంగాలు దేవనాగరిలోనే ఉంటాయి కనుక, ఇంగ్లిష్‌లో పేరు కొట్టి వెతికితే రాకపోయినంత మాత్రాన మీ ఎంపీ మాట్లాడలేదని అనుకోవద్దు.

పట్టికలో కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం గుర్తు (*) కనిపిస్తుంది. ఆ సభ్యుడు మీట నొక్కి కాక చీటీ మీద ఓటేశాడని దాని అర్థం. ఇది ఎందుకు ముఖ్యమో జమిలి ఎన్నికల బిల్లు బాగా చూపిస్తుంది. 2024 డిసెంబర్ 17న దాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు తెర మీద మొదట 220-149 అని పడింది. చీటీలు కూడా లెక్కపెట్టాక అది 269-198 అయింది. ఆ మొదటి అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పంచుకున్నవారి లెక్క ప్రకారం దాదాపు వంద మంది సభలో లేనట్టే. ఇంకో సంగతి, ఆ రోజు ఓటు బిల్లును ఆమోదించడానికి కాదు, ప్రవేశపెట్టడానికి మాత్రమే. తర్వాత అది సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. ప్రవేశం, సవరణలు, క్లాజులు, చివరి ఆమోదం అనే దశల్లో మీరు చూస్తున్నది ఏ దశ ఓటో రాసుకోకపోతే మొత్తం తలకిందులవుతుంది.

నేను ఒకసారి అలాగే బోర్లా పడ్డాను. ఒక ఎంపీ ఒక బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారని దేవరకొండలో ఉండే మా మేనమామకు ఫోన్‌లో గట్టిగా చెప్పాను. ఆయన ఆ మాటను ఊళ్లో నలుగురికీ చెప్పాడు. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, ‘ఏమల్లుడా, నువ్వు జెప్పింది అంతా ఉల్టా ఉన్నది గదరా’ అన్నాడు. మళ్లీ తెరిచి చూస్తే ఆయనదే నిజం. ఆ ఎంపీ కాదన్నది ప్రతిపక్షం తెచ్చిన ఒక సవరణను; బిల్లుకు మాత్రం అవుననే అన్నారు. ఒకే రోజు పాఠంలో అరడజను పట్టికలు ఉంటే నేను మొదటిదాన్ని చూసి మూసేశాను.

‘కాదు’ అన్న ఓటును కూడా దాని కారణంతో కలిపి చదవాలి. మహిళా రిజర్వేషన్ బిల్లుకు 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరూ మజ్లిస్ సభ్యులు, ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఓబీసీ, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ వాదనతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కానీ ‘మహిళలకు వ్యతిరేకి’ అని ఒక్క ముక్కలో రాసుకుంటే అది నమోదు అనిపించుకోదు.

విప్ ఉన్నప్పుడు ఓటు ఎవరిది?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన దేశంలో డివిజన్ పట్టిక చాలావరకు పార్టీ గురించే చెబుతుంది, మనిషి గురించి కాదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌ను (ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగ్‌కు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లోగా క్షమించకపోతే సభ్యత్వానికే ముప్పు. అమెరికాలోలా ఒక్కో సభ్యుడి ఓట్లన్నీ కూడి మార్కులు వేయడం మనకు కుదరకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి పట్టికలో లేని పేరు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పేరు లేకపోతే సభ్యుడు ఆ రోజు రాలేదేమో, వాకౌట్ చేశారేమో; తటస్థంగా ఉన్నట్టయితే దానికి వేరే వరుస ఉంటుంది. తటస్థత అయినా, ఓటింగ్‌కు దూరంగా ఉండడమైనా అదీ ఒక వైఖరే. 2018 జులై 20న మోదీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం 325-126తో వీగిపోయినప్పుడు టీఆర్‌ఎస్ ఎంపీలు ఓటింగ్‌లో పాల్గొనలేదు. 2019 జులై 30న ట్రిపుల్ తలాక్ బిల్లు రాజ్యసభలో 99-84తో నెగ్గినప్పుడూ ఆ పార్టీ దూరంగానే ఉంది. అంత తక్కువ తేడా ఉన్నచోట ఓటు వేయకపోవడం ఎవరికి మేలు చేసిందో మీరే లెక్కవేసుకోవచ్చు.

విప్ పట్టు లేని చోట్లు కొన్ని ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం వచ్చే ప్రైవేటు మెంబర్ బిల్లులు, అంటే మంత్రులు కాని సభ్యులు సొంతంగా తెచ్చేవి, అందులో ఒకటి. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, ఆఖరిది 1970లో. అందుచేత నెగ్గిందా లేదా అన్నది పక్కనపెట్టి, మీ ఎంపీ సొంతంగా కూర్చుని దేని మీద బిల్లు రాయించుకున్నారో చూడండి. ఆయన మనసు ఎటు ఉందో అది చెబుతుంది.

ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

నా లెక్కలో ఎంపీని అంచనా వేయడానికి ప్రశ్నలే అన్నిటికన్నా నికరమైన ఆధారం. ఏం అడగాలన్నది చాలావరకు సభ్యుడి ఇష్టం, పైగా ప్రశ్నా జవాబూ రెండూ కాగితం మీద శాశ్వతంగా ఉండిపోతాయి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 మామూలు ప్రశ్నలు జాబితాకెక్కుతాయి.

పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రిసెర్చ్ అనే సంస్థ ప్రతి ఎంపీ హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లుల సంఖ్యను రాష్ట్ర, జాతీయ సగటులతో పక్కపక్కన చూపిస్తుంది. మొదలుపెట్టడానికి మంచి చోటే కానీ, అంకెలను నమ్మి ఆగిపోవద్దు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపేసి నలుగురైదుగురి పేర్లు ఒకే ప్రశ్నకు పెడతారు. అది ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఒకటిగా పడుతుంది. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. వాళ్ల వరుస ఖాళీగా ఉండడం తప్పు కాదు.

ప్రశ్నను తెరిచాక అందులో ఊరి పేరు, ప్రాజెక్టు పేరు ఉందా, లేక దేశమంతటికీ వర్తించే గాలి ప్రశ్నా అని చూడండి. ఫ్లోరైడ్‌నే తీసుకుందాం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీళ్ల గోస దేశానికి వినిపించాలని నల్లగొండలో ఏకంగా 480 మంది పోటీలో నిలిస్తే బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అలాంటి చోటు నుంచి వెళ్లిన సభ్యుడు ‘దేశంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలెన్ని’ అని అడిగి ఊరుకుంటే అది ఒక రకం. మర్రిగూడ మండలంలో నీటి నమూనాలు ఎప్పుడు పరీక్షించారు, బాధితులకు ఏ పథకం కింద ఏమి అందింది అని అడిగి, జవాబు దాటవేతగా వస్తే తర్వాతి సమావేశాల్లో మళ్లీ అదే అడిగితే అది ఇంకో రకం. ఈ వివరాలన్నీ రాసుకునే నా నోటు పుస్తకంలో ఈ ‘మళ్లీ అడిగారా’ అన్నదానికి ప్రత్యేకంగా ఒక గడి గీసుకున్నాను. ఆ గడి తరచు ఖాళీగానే ఉంటుంది.

ఎమ్మెల్యేల విషయంలో దారి కొంచెం ఇరుకు. శాసనసభలో దాదాపు అన్నీ మూజువాణి, లేదా ఏకగ్రీవం. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబర్ 16న, కృష్ణా ప్రాజెక్టులను నదీ యాజమాన్య బోర్డుకు అప్పగించవద్దంటూ 2024 ఫిబ్రవరి 12న చేసిన తీర్మానాలు, 2025 మార్చి 17న బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లుల ఆమోదం ఈ కోవలోవే. అందరూ ఒకే వైపున్నప్పుడు ఓటులో తేడా కనిపించదు, ప్రసంగంలోనే కనిపిస్తుంది. కాబట్టి చర్చ వీడియో చూడండి: మీ ఎమ్మెల్యే మాట్లాడారా, అచ్చంపేట పల్లెల సంగతి ఎత్తారా, అవతలి పార్టీని తిట్టి కూర్చున్నారా? బడ్జెట్ సమావేశాల్లో నీటిపారుదల పద్దు మీద మాట్లాడిన రోజును వదలొద్దు. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశాల్లోనూ ఎమ్మెల్యేలు, ఎంపీలు పాల్గొనవచ్చు. ఆ మినిట్స్‌ను సమాచార హక్కు దరఖాస్తుతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎంపీకి ఏటా కేటాయించే 5 కోట్ల నిధుల పనుల జాబితాకూ ఇదే దారి.

ప్రతి నమోదు పక్కన ఆనాటి పార్టీ పేరు రాయడం మన దగ్గర తప్పనిసరి. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్ శాసనసభా పక్షంలో విలీనమయ్యారు, అందులో నకిరేకల్, కొల్లాపూర్ సభ్యులూ ఉన్నారు. ఒకే మనిషి ఒకే ప్రాజెక్టు గురించి విలీనానికి ముందు ఏమన్నారు, తర్వాత ఏమన్నారు అన్నది పక్కపక్కన రెండు వరుసల్లో రాస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఎన్నికల అఫిడవిట్ ఆస్తులు, అప్పులు, కేసులు చెబుతుంది తప్ప విధానాల గురించి చెప్పదు. దాన్ని వేరే పేజీలో ఉంచండి. మిగతాదానికి నా పుస్తకంలో ఒక్కో అంశానికి ఒక్కో పేజీ, అందులో ఆరు గడులు: తేదీ, సభ, ఏ దశ, ఏమన్నారు లేదా ఎటు ఓటేశారు, ఆనాటి పార్టీ, మళ్లీ అడిగారా. మీ ఎంపీయో ఎమ్మెల్యేయో ఊరికి వచ్చినప్పుడు కలిసి అడగదలిస్తే, ప్రశ్న సంఖ్య, తేదీ చీటీ మీద రాసుకుని వెళ్లండి. ‘మా నీళ్ల గురించి ఏం చేశారు సార్’ అంటే ప్రసంగం వస్తుంది; ఫలానా తేదీ జవాబులో మంత్రి చెప్పిన గడువు దాటిపోయింది కదా సార్ అంటే, పక్కనున్న పీఏ అయినా ఆ చీటీ అడిగి తీసుకుంటారు.