ఈ-రీడర్‌లో తెలుగు పుస్తకం: ఇబ్బంది ఎక్కడ, దారి ఏది

వాట్సాప్ మోతలు లేకుండా, కళ్ళు మంటలెక్కకుండా పుస్తకం చదువుకోవాలంటే ఈ-ఇంక్ తెర (కాగితంలా కనబడేది) ఉన్న రీడర్‌ని మించింది లేదు. కానీ తెలుగు చదివేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది బ్రాండు కాదు, తమ పుస్తకాలు ఏ రూపంలో ఉన్నాయో. కొన్నాక ఎదురయ్యే చిక్కులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పెద్దవి చేస్తే లైను తెర దాటిపోతోంది

అది స్కాన్ చేసిన పీడీఎఫ్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాలు చాలావరకు ఇవే. పేజీ మొత్తం ఒక ఫొటో కాబట్టి ఫాంట్ సైజు మార్చడం కుదరదు.

ముందు రీడర్‌ని అడ్డంగా తిప్పండి. పేజీ సగం సగంగా వచ్చి అక్షరం పెద్దదవుతుంది. చాలకపోతే కంప్యూటర్‌లో కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో అంచుల్లోని ఖాళీ జాగా కత్తిరించండి. అది మాటల్ని చిన్న తెరకు తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది కూడా. అయితే కింది వత్తు తెగి పక్క లైనులో పడే ప్రమాదం ఉంది, అందుకని రెండు మూడు పేజీలు పరీక్షించాకే మొత్తం పుస్తకం మార్చండి. మీరు చదివేవన్నీ ఇలాంటివే అయితే 6 అంగుళాలది కొనకండి. కిండిల్ స్క్రైబ్ లాంటి 10 అంగుళాలు దాటిన రీడర్ ఖరీదెక్కువే, కానీ డబ్బు అక్కడ పెట్టడమే నయం.

తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి

ఫైల్ ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపయింది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అలాగే కంపోజ్ చేశారు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటిని తెలుగుగా చూపించేది ఆ ఫాంట్. ఈపబ్‌గా (ఈ-రీడర్లు చదివే ఫైల్ రూపం) మార్చగానే ఆ ఫాంట్ పోతుంది. ‘అను’ నుంచి యూనికోడ్‌కి (తెలుగు అక్షరాలకే సొంత సంకేతాలుండే పద్ధతి) మార్చే కన్వర్టర్‌లో వేసి, వత్తులు ఒకసారి సరిచూసుకోండి.

గుర్తులు కాకుండా ఖాళీ డబ్బాలు కనబడితే ఫైల్ మంచిదే, రీడర్‌లో తెలుగు ఫాంట్ లేదు. మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ, ఏదో ఒక ఫాంట్ డౌన్‌లోడ్ చేసి, యూఎస్‌బీ కేబుల్‌తో ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి, మెనూలో ఎంచుకోండి. కిండిల్‌లో, కోబో అనే మరో బ్రాండు రీడర్‌లో, రెంటిలోనూ ఈ వీలుంది.

కిండిల్ స్టోర్‌లో తెలుగు పుస్తకాలు కనబడట్లేదు

2016లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చింది, తెలుగుని వదిలేసింది. ఇన్ని కోట్లమంది చదివే భాషకి ఇది అన్యాయమే. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులో పుస్తకాలు ఈపబ్‌గా దిగుతాయి, వాటిని సెండ్ టు కిండిల్ అనే అమెజాన్ సేవతో మీ కిండిల్‌కి పంపుకోవచ్చు. తెలుగు ఈ-పుస్తకాలు అమ్మే యాప్‌లో కొన్న పుస్తకాలు చదవాలంటే మాత్రం ఆండ్రాయిడ్ ఉన్న ఈ-ఇంక్ రీడర్, ఉదాహరణకి బూక్స్ (Boox) బ్రాండుది, కావాలి. దాంట్లో చదివే యాప్ తప్ప మరోటి వేయకండి. యూట్యూబ్ వేశారంటే మళ్ళీ ఫోన్ కథే.

వెనక పేజీ నీడ మిగిలిపోతోంది

ఈ-ఇంక్ తెరకి ఇది సహజం. సెట్టింగ్స్‌లో పేజ్ రిఫ్రెష్ ఆన్ చేయండి.

ఛార్జింగ్ తొందరగా అయిపోతోంది

ఈ తెర పేజీ మారినప్పుడే కరెంటు వాడుతుంది. తినేది వైఫై, లైటు. పుస్తకం దిగాక ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేసి, లైటు తగ్గించండి.